బావను రైలెక్కించడం కాదు, బావే మిమ్మల్ని సాగనంపాలి

ప్రశ్న: మాది గుంటూరు. నేను, నా స్నేహితుడు, మా బావ (అక్క వాళ్లాయన) ముగ్గురం సంక్రాంతి వెళ్లిన వారంలో విశాఖ నుంచి చెన్నైకి తీరం వెంబడి సైకిళ్ల మీద బయల్దేరుతున్నాం. కాకినాడ, అమలాపురం, నరసాపురం, బందరు మీదుగా వచ్చి శుక్రవారం సాయంత్రానికి విజయవాడ చేరి, పటమటలో పిన్ని వాళ్లింట్లో దిగాలని అనుకున్నాం. శనివారం విశ్రాంతి. బావకు సోమవారం డ్యూటీ ఉంది కాబట్టి అక్కడి నుంచి సైకిల్‌తో సహా హైదరాబాద్ వెళ్లిపోతారు. మేమిద్దరం ఆదివారం బాపట్లకు సాగాలి. పంక్చర్లు, రిపేర్లు, దారి చూడటం అన్నీ బావకే తెలుసు. ఆ ఒక్క రోజునీ ఎలా వాడుకోవాలి? సైకిల్‌ని రైల్లో ఎలా పంపాలి? శనివారం రాత్రి మేమిద్దరం స్టేషన్‌కి వెళ్లి ఆయన్ని రైలెక్కించి వద్దామనుకుంటున్నాం, మంచిదేనా?

సమాధానం: చివరి ప్రశ్నతో మొదలుపెడదాం. మిగతావన్నీ దాన్ని బట్టే ఉంటాయి. శనివారం రాత్రి రైలు వద్దు. సైకిల్‌ని బ్రేక్ వ్యాన్‌లో (రైలుకి ఉండే సామాను పెట్టెలో) వేయించాలంటే బావ రెండు గంటల ముందే స్టేషన్‌లో ఉండాలి. మీరూ వెంట వెళ్తారు. బండి గంట లేటంటారు, ఆ గంట రెండవుతుంది. ఆయన్ని ఎక్కించి పటమట చేరి పడుకునేసరికి ఒంటి గంట. ఆదివారం ఆరింటికి లేవాల్సినవాళ్లు ఎనిమిదింటికి లేస్తారు. పిన్నిగారు టిఫిన్ పెట్టకుండా పంపరు. పదింటికి రోడ్డెక్కితే బాపట్ల చేరేసరికి చీకటి పడుతుంది. విశ్రాంతి కోసం ఆగిన రోజు కాస్తా రాత్రి జాగారంతో పోతుంది.

దీన్ని తిరగేయండి. బావకు ఆదివారం మధ్యాహ్నం రైలు చూడండి. ఆ ఉదయం మీరిద్దరూ బయల్దేరతారు, ఆయన సామాను లేని సైకిల్ మీద ప్రకాశం బ్యారేజీ అవతలి ఒడ్డు దాకా వచ్చి మిమ్మల్ని సాగనంపుతారు. తర్వాత వెనక్కి వెళ్లి, స్నానం చేసి, భోంచేసి, తీరిగ్గా సైకిల్ కట్టుకుని స్టేషన్‌కి వెళ్తారు. సికింద్రాబాద్ దాదాపు 350 కిలోమీటర్లు, బండిని బట్టి ఐదారు గంటలు. రాత్రికి ఇల్లు, సోమవారం డ్యూటీ. రైలెక్కే మనిషికి కూర్చునే ప్రయాణం, మీకు తొక్కే ప్రయాణం. నిద్ర ఎవరికి ఎక్కువ అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క చిక్కు ఉంది. సంక్రాంతికి ఊళ్లకు వచ్చినవాళ్లంతా హైదరాబాద్ తిరిగి వెళ్లే రోజులవి. 2024 నవంబర్ 1 నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. తెరిచిన రోజునే ఆయన టికెట్ తీయించండి. వందే భారత్ మాత్రం తీయకండి. అందులో సైకిల్ వేయడానికి బ్రేక్ వ్యాన్ ఉండదు.

బండి ఎంచుకునేటప్పుడు వేళ కన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి. విజయవాడలో మొదలయ్యే బండి అయితే మేలు, లేదంటే కనీసం పది నిమిషాలు ఆగాలి. రెండోది, అది సికింద్రాబాద్‌లోనో హైదరాబాద్‌లోనో ఆగిపోయే బండి అయ్యుండాలి. మధ్యలో దిగాల్సిన సైకిల్ మీద నలుగురి పార్సిళ్లు పడి ఉంటే, దాన్ని బయటికి లాగేలోపే బండి కదులుతుంది. మనిషి సికింద్రాబాద్‌లో, సైకిల్ ముంబైలో. చివరి స్టేషన్‌లో అన్నీ దించక తప్పదు కాబట్టి ఆ బెడద ఉండదు.

పార్సిల్ ఆఫీసులో మొదట చెప్పాల్సిన మాట: ‘లగేజీ’. అదే సైకిల్‌ని పార్సిల్‌గా రాస్తే మనిషితో సంబంధం లేకుండా, చోటు ఉన్న బండిలో వెళ్తుంది. లగేజీగా రాస్తే ప్రయాణికుడి టికెట్ మీద, అదే బండిలో వెళ్తుంది. బండి బయల్దేరడానికి అరగంట ముందు బుకింగ్ ముగియాలన్నది నియమం. అది కాగితం మీది లెక్క. తూకం, ఫారం, కట్టు, లేబుల్, హమాలీ అన్నీ కలిపి రెండు గంటలు చేతిలో పెట్టుకోండి. టికెట్, గుర్తింపు కార్డు, వాటి జిరాక్సులు, దొరికితే సైకిల్ కొన్న బిల్లు కాపీ ఉంచుకోవాలి. ప్రతి ప్రయాణికుడికీ ఉచితంగా ఇచ్చే లగేజీ బరువులోకి సైకిల్ రాదు, దానికి డబ్బు కట్టాల్సిందే. చక్రాలు విప్పి సంచిలో పెట్టుకుని సీటు కింద తోసేద్దామనే ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. బోగీలోకి అనుమతించే పెట్టె కొలత 100 × 60 × 25 సెంటీమీటర్లు. పెద్ద చక్రాల సైకిల్‌ని ఎంత విప్పినా ఆ కొలతలో ఇమడదు. టీటీఈ అభ్యంతరం చెబితే వాదించడానికి ఏమీ ఉండదు.

కట్టే పద్ధతి. చక్రాలు విప్పకండి. హమాలీలు దొర్లించుకుపోగలిగితే సైకిల్ క్షేమంగా ఉంటుంది, లేకపోతే ఈడుస్తారు. అదే కారణంగా చక్రానికి తాళం వేయకూడదు. ముందు గేరు పెద్ద పళ్లచక్రం మీద ఉంచితే దాని పళ్లకు చైనే రక్ష. వెనక కూడా అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదికి మార్చితే డిరైలర్ (చైన్‌ని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) లోపలికి ముడుచుకుంటుంది. సైకిల్‌కి దెబ్బ తగిలితే మొదట వంగేది అదే. దాని మీద దళసరి అట్ట మడిచి టేపు చుట్టండి. పెడల్స్ విప్పి సంచిలో వేసుకోండి. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది, మామూలు బోల్టులా విప్పబోతే ఇంకా బిగుస్తుంది. హ్యాండిల్ బోల్టులు వదులు చేసి ఫ్రేముకి సమాంతరంగా తిప్పి, ముందు చక్రాన్ని ఫ్రేముకి తాడుతో కట్టేయండి. నీళ్ల సీసాలు, లైట్లు, మీటరు, సీటు కింది సంచి ఏదీ సైకిల్ మీద మిగలకూడదు. పైన గోనెపట్టా కుట్టాలి. పేరు, ఫోన్ నంబరు, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్, రైలు నంబరు రాసిన అట్టలు రెండు చోట్ల కట్టండి, ఒకటి ఊడితే ఇంకోటి ఉంటుంది. హమాలీకి అప్పజెప్పే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయమనండి. రసీదు అసలుది బావ జేబులోనే ఉండాలి, దిగాక అది చూపిస్తేనే సైకిల్ ఇస్తారు. దిగిన వెంటనే తీసుకోకుండా వదిలేస్తే గంటల లెక్కన అద్దె పడుతుంది.

టికెట్ అందకపోతే బస్సు ఉంది. ఆర్టీసీ కార్గోలో వేయవచ్చు, లేదా బస్సు డిక్కీలో చోటు ఉందో లేదో కండక్టర్‌ని ముందే అడగవచ్చు. డిక్కీలో పడుకోబెడితే చైన్ ఉన్న వైపు పైకి ఉండాలి.

ఇక శనివారం. ఆ రోజు ఊళ్లో తిరగాల్సిన పని ఒక్కటే ఉండాలి: బావ పొద్దున్నే పార్సిల్ ఆఫీసుకి వెళ్లి ఆదివారం ఏ వేళ నుంచి లగేజీ రాస్తారో, కట్టేవాళ్లు అక్కడ దొరుకుతారో లేదో కనుక్కుని రావడం. దానికి స్కూటీ మీద వెళ్లమనండి.

సైకిళ్ల పని ఉదయమే, ఎండ ముదరకముందు. అప్పటికి 400 కిలోమీటర్ల పైచిలుకు తీరపు గాలిలో తిరిగిన బండ్లు అవి. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, అందుకే రాత్రి ఇంట్లో పెట్టినా తుప్పు పడుతూనే ఉంటుంది. ముందు బకెట్ నీళ్లతో, గుడ్డతో కడగండి. మోటార్‌సైకిళ్లకు కొట్టే వాటర్ సర్వీసింగ్‌కి మాత్రం తీసుకెళ్లకండి. ఆ ప్రెషర్‌కి చక్రాల బేరింగుల్లోకి, పెడల్ ఇరుసులోకి నీళ్లు దూరి గ్రీజు కడిగేస్తాయి. రెండు రోజుల తర్వాత ఏ చీరాల దగ్గరో కరకరమనడం మొదలవుతుంది.

చైన్‌కి పావు లీటరు డీజిల్, పాత టూత్ బ్రష్ చాలు. పిన్నిగారి అంట్ల పీచు జోలికి వెళ్లకండి. తోమి, తుడిచి, గంట ఆరనిచ్చి, ఒక్కో లింకు రోలర్ మీద ఒక్కో చుక్క నూనె వేయండి. పెడల్ వెనక్కి తిప్పి, పైపై నూనె పూర్తిగా తుడిచేయండి. నూనె పని చేసేది లోపల. పైన మిగిలింది ఇసుకను పట్టుకుని చైన్‌ని అరగదీస్తుంది. డిస్క్ బ్రేకు ఉంటే ఆ దరిదాపుల్లో స్ప్రే వాడకండి. ఒక్క తుంపర డిస్క్ మీద పడి ప్యాడ్‌కి అంటిందంటే బ్రేకు కీచుమంటుంది గానీ పట్టదు. రిమ్ము బ్రేకులైతే రబ్బరులో ఇరుక్కున్న ఇసుక రేణువుల్ని సూదితో తీసేయండి, లేకపోతే అవి రిమ్మునే కోస్తాయి.

చైన్ అరుగుదల చూడటానికి పిల్లల స్కేలు చాలు. సున్నా గీతను ఒక పిన్ను మధ్యన పెడితే 12 అంగుళాల గీత కూడా ఒక పిన్ను మధ్యనే పడాలి. ఆ పిన్ను గీత దాటి ఒకటిన్నర మిల్లీమీటరు ముందుకు పోయిందంటే చైన్ మార్చే వేళయింది. మూడు మిల్లీమీటర్లు పోయిందంటే వెనక పళ్లచక్రాలూ అరిగిపోయి ఉంటాయి. అప్పుడు చైన్ ఒక్కటే మార్చితే కొత్త చైన్ పాత పళ్ల మీద జారుతుంది. మార్చితే రెండూ మార్చండి, లేదా చెన్నై దాకా అలాగే లాగించండి. విజయవాడ దాటాక ఒంగోలు, నెల్లూరు దాకా గేర్ల సైకిల్ సామాను దొరకడం కష్టం. అందుకే ఈ నిర్ణయం శనివారమే జరగాలి.

సీటు గొట్టాన్ని ఎత్తు ఎక్కడుందో టేపు గుర్తు పెట్టి పైకి లాగి, తుడిచి, గ్రీజు రాసి దించండి. ఇనుప ఫ్రేములో అల్యూమినియం గొట్టం ఉప్పు తేమకు అతుక్కుపోతుంది. ఇంకొన్ని వారాలు అలాగే వదిలేస్తే సుత్తికి కూడా రాదు. క్యారియర్ బోల్టులు నాలుగూ 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో బిగించి చూడండి. ఐదు రోజుల గతుకులకు వదులవనివి ఉండవు.

ఇప్పుడు అసలు పని: బావ చేతిలో ఉన్నది మీ చేతికి రావడం. పాఠం చెప్పించుకుంటే రాదు. శనివారం మీలో ఒకరు వెనక చక్రం విప్పి, టైరు తీసి, ట్యూబు మార్చి, మళ్లీ బిగించాలి. బావ చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి, నోరు మాత్రం తెరవొచ్చు. రెండోవారు చైన్ తెంపి మళ్లీ కలపాలి. ముందు చక్రం ఎవరైనా మారుస్తారు. వెనకదే కష్టం, పంక్చర్లు ఎక్కువగా పడేదీ దానికే. టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీయకుండా కొత్త ట్యూబు వేయడం అందరూ చేసే పొరపాటు, అర కిలోమీటరులో అదీ పోతుంది. డెల్టా రోడ్ల అంచుల్లో తుమ్మ ముల్లు, పల్లేరు కాయ రెండూ ఉంటాయి. విరిగిన మొన టైరు బయటికి కనిపించదు.

సామాను పంచుకోవడం దీని తర్వాత. పంపు, అలెన్ కీలు, చైన్ కట్టర్, ప్యాచ్‌లు బావ ఫ్రేము సంచిలోనే ఉంటాయి కదా, ఆదివారం ఆ సంచి ఆయనతో పాటే వెళ్లిపోతుంది. శనివారమే బయటికి తీసి మీ బ్యాగులో వేసుకోండి, సైకిల్ కట్టడానికి, దిగాక బిగించడానికి కావాల్సిన కీలు మాత్రం ఆయనకే ఉంచండి. కానీ ఆయనవి అన్నీ మీకు పనికిరావు. ఆయనది 27.5 అంగుళాల చక్రం, మీది 700 కొలతది అయితే ఆ ట్యూబులు మీకు బరువే. పంపు మూతి మీ వాల్వుకి పడుతుందో లేదో ఎక్కించి చూడండి. ఆయనది బైకు వాల్వులా లావుది, మీది సన్నదైతే ఒక అడాప్టర్ కావాలి. చైన్ కలిపే లింకు మీ గేర్లకు సరిపడేదై ఉండాలి, 9 స్పీడుది 8 స్పీడు చైన్‌కి సరిగ్గా కూర్చోదు. మనిషికి రెండు ట్యూబులు, ఇద్దరికీ కలిపి ఒక స్పేర్ టైరు ఉంటే దిగుల్లేదు.

ముగ్గురు మోసిన గుడారం, మందులు, పనిముట్లు ఇక ఇద్దరే మోయాలి. అందుకని ఐదు రోజులుగా ఒక్కసారీ బయటికి తీయని ప్రతి వస్తువూ బావతో ఇంటికి పంపేయండి (మందుల పెట్టె, వాన కోటు మినహాయింపు). బరువైనవి కిందికి, రెండు వైపులా సమానంగా సర్దండి. వెనక టైరులో ఐదు పీఎస్ఐ గాలి పెంచండి, టైరు పక్కన ముద్రించిన గరిష్ఠం మాత్రం దాటకండి. సర్దాక వీధి చివరిదాకా తొక్కి చూడండి, హ్యాండిల్ ఊగుతుంటే బరువు సరిగ్గా పడలేదని అర్థం. ఖర్చుల లెక్క కూడా శనివారమే తేల్చి ఫోన్‌పేలో వేసేయండి. వీడ్కోలు వేళ డబ్బుల మాట బాగుండదు, తర్వాత అయితే అసలు రాదు.

ఒంటి సంగతి. శుక్రవారం రాత్రి స్నానం, బట్టలు ఉతకడం, నిద్ర, అంతే. తొక్కే షార్ట్‌లకు బట్టలు మెత్తబరిచే కంఫర్ట్ లాంటివి పెట్టకండి, చెమట పీల్చే గుణం పోతుంది. శనివారమంతా లుంగీలో ఉండటం ఒరుసుకున్న చర్మానికి మంచి మందు. కురుపులా లేచి చీము పట్టినా, జ్వరం వచ్చినా పటమటలోనే డాక్టరుకి చూపించండి, బాపట్ల దాకా ఆగకండి. మోకాలు ముందు వైపు నొప్పిగా ఉంటే సీటు పల్లంగా ఉండి ఉండొచ్చు, వెనక వైపు లాగుతుంటే ఎత్తు ఎక్కువై ఉండొచ్చు. మార్చేటప్పుడు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లే, అంతకు మించి ఒకేసారి వద్దు. సాయంత్రం అరగంట సామాను లేకుండా మెల్లగా తొక్కితే కాళ్లు పట్టేయవు.

విశ్రాంతికి అన్నిటికన్నా పెద్ద శత్రువు బంధువుల ప్రేమ. పిన్నిగారు గుత్తి వంకాయ, బిర్యానీ, బొబ్బట్లు ఒకేపూట వండుతారు. మేనమామలు చూడటానికి వస్తారు. పిల్లలు బీసెంట్ రోడ్డుకి, భవానీ ద్వీపానికి లాగుతారు. ముందే ఫోన్ చేసి రెండు మాటలు చెప్పుకోండి: విందు శనివారం మధ్యాహ్నం, రాత్రికి పెరుగన్నమో ఇడ్లీయో. చుట్టాలు వస్తే సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గది తలుపు వేసి పడుకోండి. అమ్మవారి దర్శనం తప్పదంటే మెట్లు ఎక్కకుండా ఘాట్ రోడ్డు మీదుగా వెళ్లి రండి. గంటసేపు క్యూలో నిలబడటం తొక్కి అలసిన కాళ్లకు తొక్కడం కన్నా కష్టం. గోంగూర పచ్చడి సీసాలు ఎన్ని ఇచ్చినా కాదనకండి, అన్నీ బావ సంచిలోకే. నూనె కారే సీసా సైకిల్ బ్యాగులో ఎక్కితే గుడారం చెన్నై దాకా పచ్చడి వాసనే.

బావకు వీడ్కోలు విందు అంటూ ఉంటే అది కూడా ఆ మధ్యాహ్నపు భోజనమే. ఆయనకు చెప్పాల్సిన మాటలు, తీయాల్సిన ఫొటోలు అప్పుడే కానివ్వండి. మధ్యలో వదిలి వెళ్తున్నానని ఆయనకూ, ఇక మేమేం చేస్తామోనని మీకూ కొంచెం బెంగ ఉంటుంది. ఆ బెంగలోనే చాలామంది ‘ఇంకో రోజు ఉండండి’, ‘తెనాలి దాకా వస్తా’ అని ప్రణాళికలు మార్చేస్తారు. తెనాలి దాకా వస్తే ఆయన రైలు పోతుంది. ఎక్కడిదాకా రావాలో శనివారమే తేల్చుకోండి: బ్యారేజీ అవతలి ఒడ్డు, అంతకన్నా ముందుకు వద్దు.

ఆదివారం. జనవరి మూడో వారంలో సూర్యోదయం సుమారు ఆరూ ముప్పావుకి. డెల్టాలో ఆ రోజుల్లో మంచు దట్టంగా పడుతుంది, అంతకన్నా ముందు బయల్దేరి లాభం లేదు. వెనక ఎర్ర లైటు తెల్లారాక కూడా వెలుగుతూనే ఉండాలి. పటమట నుంచి కృష్ణ మీది కనకదుర్గ వారధి దగ్గరే అయినా అది 16వ నంబరు జాతీయ రహదారి, లారీల దారి. కాస్త చుట్టయినా బ్యారేజీ మీదుగా వెళ్లండి. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పన్నెండు వందల మీటర్ల పైచిలుకు పొడవు. ముగ్గురూ పక్కపక్కన తొక్కాలనిపిస్తుంది, వద్దు, ఒకరి వెనక ఒకరే. అవతల సీతానగరం దగ్గర ఆగి టీ తాగండి. అక్కడే సెలవు. ఉండవల్లి గుహలు దగ్గరేగా అని కుడి వైపుకి తిరిగితే గంట పోతుంది. మీది ఎడమ దారి.

అక్కడి నుంచి తాడేపల్లి, దుగ్గిరాల, తెనాలి, పొన్నూరు, బాపట్ల, అంతా కలిపి 80 కిలోమీటర్ల చిల్లర. చదునైన నేల. దారిలో కుప్ప నూర్పిళ్లు జరుగుతుంటే రోడ్డు మీద గడ్డి పరుస్తారు. దాని మీదుగా తొక్కితే పరకలు డిరైలర్‌లో చుట్టుకుంటాయి, బలంగా తొక్కితే డిరైలర్ విరిగిపోతుంది. దిగి నడిపించండి. చుట్టుకుంటే పెడల్ వెనక్కి తిప్పి చేత్తో తీయండి. ధాన్యం పట్టాల అంచున బరువుకి పెట్టిన రాళ్లు రోడ్డు మీదే వదిలేసి ఉంటాయి, మంచులో కనిపించవు.

ముగ్గురుగా ఉన్నప్పుడు ముందు తొక్కే వంతు మూడింట ఒకటి, ఇద్దరైతే సగం. ఆ తేడా ఎదురుగాలి ఉన్న రోజు బాగా తెలుస్తుంది. జనవరిలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి దక్షిణానికి వెళ్లే మీకు అది కలిసొచ్చేదే. అయినా మిగతా రోజుల లెక్కలో పది పదిహేను కిలోమీటర్లు తగ్గించి వేసుకోండి. ఆ ఆదివారం ఆలస్యమైతే తెనాలిలోనో పొన్నూరులోనో ఆగిపోండి, పట్టుదలకి పోవద్దు. బాపట్లకి రైలు పట్టాలు దాదాపు మీ వెంటే ఉంటాయి, మరీ కుదరకపోతే అదీ దారే. వేళకి చేరితే సూర్యలంక తీరం అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు, సామాను గదిలో పడేసి వెళ్లిరావచ్చు.

బావకు ఒక్క మాట చెప్పండి. సికింద్రాబాద్‌లో సైకిల్ చేతికి రాగానే ఎక్కి తొక్కెయ్యకుండా, హ్యాండిల్ బోల్టులు బిగించి, డిరైలర్ లోపలికి వంగిందేమో వెనక నుంచి చూసుకోమనండి. వంగిన డిరైలర్‌తో పెద్ద పళ్లచక్రం మీదికి గేరు మార్చితే అది స్పోకుల్లో పడుతుంది.